సముద్రం తప్పుకుంటేనే విమానం దిగుతుంది

విమానం దిగాలంటే ఏం కావాలి? పొడవాటి గట్టి దారి కావాలి. దాన్ని రన్‌వే అంటారు. మన రాజమండ్రి దగ్గర మధురపూడిలో విమానాశ్రయం ఉంది. అక్కడి రన్‌వే పొడవు 3 కిలోమీటర్ల పైనే.

కానీ సిమెంటు గానీ తారు గానీ వేయని రన్‌వే ఒకటి ఉంది. అది ఒట్టి ఇసుక. రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి దాన్ని ముంచేస్తుంది. సముద్రం వెనక్కి పోయాక విమానం వచ్చి దిగుతుంది. కథ కాదు, నిజమే. వేళ ప్రకారం నడిచే విమానాలు ఇట్లా పోటు వచ్చే ఇసుకలో దిగే చోటు ప్రపంచంలో ఇదొక్కటే అని చెబుతారు.

ఆ చోటు పేరు బారా. ఇది స్కాట్లాండ్ దేశానికి పడమట సముద్రంలో ఉన్న చిన్న దీవి. అక్కడ సుమారు 1,200 మంది ఉంటారు. మన వైపు ఒక చిన్న ఊరంత అన్నమాట. చేపలు పడతారు. గొర్రెలు, ఆవులు పెంచుతారు. ఇంగ్లీషుతో పాటు గేలిక్ అనే తమ సొంత భాష మాట్లాడతారు.

ఆ దీవి ఆడవాళ్ల కష్టం ఒకటి చెప్పాలి. నూరేళ్ల కిందట అక్కడ హెర్రింగ్ అనే చేప బాగా పడేది. ఆ చేపలను కోసి, శుభ్రం చేసి, ఉప్పు వేసి పీపాల్లో పేర్చేది ఆడవాళ్లే. ముగ్గురు కలిసి ఒక జట్టు. ఇద్దరు కోస్తారు, ఒకరు పేరుస్తారు. కత్తి గాట్ల మీద ఉప్పు పడితే ఎట్లా మండుతుందో మీకు తెలుసు. అందుకని వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకునేవారు. చేపల వెంట ఊరూరా తిరిగి పని చేసేవారు.

సరే, విమానం సంగతికి వద్దాం.

దీవి ఉత్తరపు కొసన ఒక పెద్ద ఇసుక మైదానం ఉంది. గేలిక్ భాషలో దాని పేరు త్రాయ్ వోర్. పెద్ద ఇసుక తీరం అని అర్థం. సముద్రం వెనక్కి పోయినప్పుడు ఇక్కడ తడి ఇసుక చదునుగా, గట్టిగా ఉంటుంది. పొడి ఇసుకలో నడిస్తే కాలు కూరుకుపోతుంది. నీళ్లకు దగ్గరగా తడి ఇసుకలో నడిస్తే కూరుకుపోదు. మీరు ఎప్పుడైనా సముద్రం ఒడ్డుకు పోతే నడిచి చూడండి. ఈ ఇసుకలో గుల్లల ముక్కలు కూడా కలిసి ఉంటాయి. అందుకే చిన్న విమానం బరువును మోయగలుగుతుంది. 1936 నుంచి ఇది విమానాశ్రయం.

ఇక్కడ మూడు రన్‌వేలు ఉన్నాయి. వాటి కొసలు తెలియడానికి కర్ర గుంజలు పాతారు. అంతే. పెద్ద రన్‌వే పొడవు సుమారు 800 మీటర్లు. మూడూ మూడు దిక్కులకు ఉంటాయి. మూడు ఎందుకు? విమానం ఎప్పుడూ ఎదురుగాలిలో దిగాలి. ఎదురుగాలి రెక్కలను పైకి పట్టి ఉంచుతుంది. అప్పుడు నెమ్మదిగా వచ్చి తక్కువ దూరంలోనే ఆగవచ్చు. గాలిపటం ఎగరేసే పిల్లలు గాలికి ఎదురుగానే పరుగెత్తుతారు కదా! ఆ రోజు గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి తగిన రన్‌వేలో దిగుతారు.

వచ్చే విమానం కూడా చిన్నదే. పేరు ట్విన్ ఆటర్. 19 మంది కూర్చుంటారు. రెండు రెక్కలకూ చెరో పంకా తిరుగుతుంది. కొద్దిపాటి చోటులో దిగడానికీ లేవడానికీ తయారు చేసిన విమానం ఇది. దిగేముందు విమానాశ్రయం పనివాళ్లు ఇసుక మీద తిరిగి చూస్తారు. అలలు తెచ్చిన దుంగలు గానీ, నాచు గానీ పడి ఉన్నాయా అని చూస్తారు. దిగేటప్పుడు చక్రాల కింద నీళ్లు చింది పైకి లేస్తాయి. ఉప్పునీళ్లు లోహాన్ని తినేస్తాయి. అందుకని విమానాన్ని మంచినీళ్లతో కడుగుతుంటారు.

మరి వేళ ఎట్లా తెలుస్తుంది? బస్సు అయితే రోజూ పది గంటలకే వస్తుంది. ఈ విమానం వేళలు పోటును బట్టి మారుతుంటాయి.

చంద్రుడు సముద్రపు నీటిని తన వైపు లాగుతాడు. సూర్యుడూ లాగుతాడు, కానీ దూరం ఎక్కువ కాబట్టి పోటు మీద దాని ప్రభావం తక్కువ. ఈ లాగుడు వల్లే నీరు ఒడ్డు మీదికి వస్తుంది. అది పోటు. తిరిగి వెనక్కి పోతుంది. అది ఆటు. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకని పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. చంద్రుడు కూడా రోజు రోజుకూ ఆలస్యంగా పొడుస్తాడు. మీరు చూసే ఉంటారు.

ఒక లెక్క వేద్దాం. ఇవాళ పొద్దున 10 గంటలకు నీరు బాగా వెనక్కి పోయిందనుకోండి. రేపు ఎప్పుడు? 10 గంటల 50 నిమిషాలకు. వారం తరువాత? ఏడు యాభైలు 350 నిమిషాలు. అంటే 6 గంటలకు 10 నిమిషాలు తక్కువ. సాయంత్రం 4 గంటలకు కాస్త ముందు అన్నమాట. విమానం వేళల పట్టిక రాసేవాళ్లు ఇదే లెక్క వేస్తారు. పున్నమికీ, అమావాస్యకూ పోటు ఇంకా పెద్దది. మన తీరంలో పెద్ద పోటు రోజున కూడా నీటి మట్టంలో తేడా రెండు మీటర్ల లోపే. అక్కడ మూడు మీటర్లు దాటుతుంది.

ఇంత తిప్పలు ఎందుకు, పడవలో పోవచ్చు కదా అంటారేమో. పడవ ఉంది. పెద్ద పడవే. కానీ అవతల ఓబన్ రేవు చేరడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. అక్కడి నుంచి గ్లాస్గో నగరానికి రోడ్డు మీద 150 కిలోమీటర్లకు పైనే. చలికాలంలో తుపాను గాలులు వీస్తే పడవ కదలదు. విమానం అయితే గంటా పది నిమిషాల్లో గ్లాస్గో చేరుస్తుంది.

దీవిలో ఆసుపత్రి ఉంది. కానీ చిన్నది. పెద్ద ఆపరేషన్ కావాలంటే సముద్రం దాటాల్సిందే. ఆ వైపు దీవుల నుంచి రోగిని మొదటిసారి విమానంలో తీసుకుపోయింది 1933 మే నెలలో. ఐలా అనే ఇంకో దీవిలో ఒక జాలరికి కడుపులో పుండు పగిలింది. పడవ మీద పోతే ప్రాణం దక్కదు. విమానంలో గ్లాస్గో చేర్చారు. ఆయన బతికాడు. అప్పటి నుంచి దీవుల వాళ్లకు విమానమే అంబులెన్సు అయింది. ఇప్పుడు హెలికాప్టర్లు కూడా వస్తున్నాయి.

బారాలో రన్‌వే దీపాలు లేవు. మామూలు విమానాలు పగటిపూటే దిగుతాయి. రాత్రిపూట ప్రాణం మీదికి వస్తే ఏం చేస్తారు? కార్లూ, జీపులూ ఇసుక మీద నిలబెట్టి లైట్లు వేస్తారు. వెలుగు పడితే మెరిసే పట్టీలు పరుస్తారు. ఆ వెలుతురులో విమానం దిగుతుంది. కానీ అప్పుడు కూడా పోటు ఉండకూడదు. చంద్రుడు ఎవరి కోసమూ ఆగడు.

ఇంత తక్కువ మందికి విమానం నడిపితే లాభం రాదు. టికెట్టు డబ్బులతో ఖర్చు గిట్టదు. అందుకే ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. విమానాశ్రయాన్ని నడిపేది కూడా ప్రభుత్వ సంస్థే. 1,200 మందికి ఇంత ఖర్చా అని అడిగేవాళ్లు ఉంటారు. కొండమీది గూడేనికి బస్సు వేయమన్నా ఇదే మాట అంటారు. లాభం చూసుకునే బస్సు ఏ గూడేనికీ పోదు. దీవిలో పుట్టిన వాళ్లు కూడా మనుషులే కదా!

ఈ ఇసుకలో ఇంకొకరికి కూడా పని ఉంది. ఇందులో తినే గుల్లలు దొరుకుతాయి. దీవి జనం ఎప్పటి నుంచో వాటిని ఏరుకుంటున్నారు. మన తీరంలో గుల్లలు ఏరి సున్నం బట్టీలకు అమ్ముతారు చూశారా, అట్లాగే వాళ్లూ వంగి, ఇసుక గీకి ఏరుతారు. నీళ్లు వెనక్కి పోయిన వేళే వాళ్లకూ వేళ. అదే విమానానికీ వేళ. మరి ఎవరు ముందు? ఒడ్డున ఒక బోర్డు పెట్టారు. గాలి ఎటు వీస్తుందో చూపే గొట్టంలాంటి గుడ్డ గుంజ మీద ఎగురుతుంటే ఇసుక మీదికి రావద్దని దాని మీద రాసి ఉంటుంది. గుడ్డ ఎగురుతుందంటే విమానం వస్తోందని అర్థం. గుడ్డ దించేశాక మళ్లీ పోయి ఏరుకోవచ్చు, పోటు వచ్చేదాకా.