మడత బల్ల కొంటున్నారా? ముందు పిల్లల కొలతలు చూడండి

రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో నలుగురైదుగురు ఉన్నప్పుడు పిల్లలకు విడిగా స్టడీ రూమ్ ఇవ్వడం అందరికీ కుదరదు. పుస్తకాలు మంచం మీదకో, డైనింగ్ టేబుల్ మీదకో చేరతాయి. భోజనాల వేళకు సగంలో ఉన్న లెక్కను మూసి లేవాల్సిందే. అలాంటి ఇంటికి మడిచి పెట్టుకునే బల్ల మంచి ఉపాయం. చూడముచ్చటైన డిజైన్లు ఎన్నో దొరుకుతున్నాయి. అయితే రంగు, పాలిష్ కంటే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

మడత సామాను మనకు కొత్త కాదు. నవారు మడత మంచం, పడక కుర్చీ మన ఇళ్లలో ఉన్నవే. పూజగదిలోని వ్యాసపీఠాన్ని ఒకసారి గమనించండి. ఒకే చెక్కను చీల్చి, నడుమ కీలు చెక్కి తయారుచేస్తారు. తెరిస్తే బరువైన గ్రంథాన్ని మోస్తుంది, మూస్తే పలకలా ఒదిగిపోతుంది. దాని బలమంతా ఆ కీలులోనే ఉంది. నేటి మడత బల్లకూ అంతే.

ఎత్తు సరిపోతుందా?

డైనింగ్ టేబుల్ ఎత్తు సాధారణంగా 75 సెంటీమీటర్లు. అది పెద్దల కొలత. పాఠశాల ఫర్నిచర్‌కు యూరప్‌లో పాటించే ఈఎన్ 1729 ప్రమాణం ప్రకారం, సుమారు 120 నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు కుర్చీ 35, బల్ల 59 సెంటీమీటర్లు ఉండాలి. 150 దాటిన పిల్లలకు కుర్చీ 43, బల్ల 71 సరిపోతాయి. టేపు లేకున్నా పరీక్షించవచ్చు. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. భుజాలు పైకి లేవకుండా మోచేతులు బల్ల మీద ఆనాలి. పిల్లలు ఏటా ఎదుగుతారు కాబట్టి ఎత్తు మార్చుకునే వీలున్న బల్ల ఎక్కువ కాలం పనికొస్తుంది.

గోడ మోస్తుందా?

గోడకు బిగించి కిందికి దించుకునే బల్ల తక్కువ చోటు తీసుకుంటుంది. మూడడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు ఉంటే పాఠ్యపుస్తకం, నోట్‌బుక్ పక్కపక్కన పడతాయి. కానీ పిల్లలు బల్ల అంచున వాలితే ఆ లాగుడంతా గోడలోని బోల్టుల మీదే పడుతుంది. ఎర్ర ఇటుక, కాంక్రీటు గోడలు దీన్ని బాగా తట్టుకుంటాయి. తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడకైతే వాటి కోసమే చేసిన యాంకర్లు వాడాలి. జిప్సం బోర్డు పార్టిషన్‌కు బిగించకండి. స్విచ్‌బోర్డుకు పైనా కిందా రంధ్రాలు వేయించకండి, లోపల వైర్లు ఉండవచ్చు. అద్దె ఇల్లయితే కాళ్లతో మడిచే బల్లే నయం.

చెక్క ఏది?

పార్టికల్ బోర్డు ధర తక్కువే. కానీ నీళ్లు తగిలితే అంచులు ఉబ్బుతాయి. రోజూ తెరిచి మూసే బందుల స్క్రూలు అందులో త్వరగా వదులవుతాయి. వంటింటి పక్క గోడ అయితే ఐఎస్ 303 ముద్ర ఉన్న బీడబ్ల్యూఆర్ రకం ప్లైవుడ్ అడగండి.

వేళ్లు జాగ్రత్త

తెరిచాక బల్ల తనంతట తాను మూసుకోకుండా లాక్ ఉండాలి. బందుల మధ్య చిన్న వేళ్లు దూరే సందు ఉందేమో చూడండి. గోడలోంచి దించే మడత మంచాలను మాత్రం పెద్దలే తెరవాలి.

చివరి పరీక్ష

షాపుకు పిల్లలను వెంట తీసుకెళ్లండి. బల్లను వాళ్లచేతే తెరిపించి, మూయించండి. దానికి నాన్న సాయం కావాల్సి వస్తే, నాలుగు రోజులకు ఆ బల్ల మూసే ఉంటుంది, పుస్తకాలు మళ్లీ మంచమెక్కుతాయి. బల్ల పక్కనే పుస్తకాలకు ఒక చిన్న అర పెట్టించండి. కుడిచేత్తో రాసేవారికి ఎడమవైపు నుంచి, ఎడమచేత్తో రాసేవారికి కుడివైపు నుంచి వెలుతురు పడేలా లైటు అమర్చండి. ఆ మూడడుగుల చోటు చదువుకునే వేళ ఎవరూ కదపని చోటుగా ఉంటే, భోజనాల కోసం లెక్కను సగంలో మూయాల్సిన పని ఉండదు.