అమ్మే ముందు ఇంటికో బస్తా కంది.. పప్పుచారుకు కొరత ఉండదు!

చేలో కంది పండుతుంది. కళ్లంలోనే కాంటా పడుతుంది. నెల తిరక్కముందే అదే రైతు కిరాణా దుకాణంలో పావుకిలో, అరకిలో చొప్పున పప్పు కొంటుంటాడు. సంగారెడ్డి, పటాన్‌చెరు, జహీరాబాద్ వైపు చిన్న కమతాల రైతుల్లో చాలామందిది ఇదే పరిస్థితి. అమ్మేది గింజ ధరకు, కొనేది పప్పు ధరకు. మధ్యలో మిల్లు ఖర్చు, కిరాయి, దుకాణం లాభం అన్నీ మన జేబులోంచే పోతాయి. చేతిలో పైసలు ఆడనప్పుడు ముందు పలుచనయ్యేది ఇంట్లో పప్పుచారే. ఈసారి బస్తాలు బండి ఎక్కించకముందే చిన్న లెక్క వేసుకోండి.

ఏడాదికి ఎంత కావాలి?

అయిదుగురున్న ఇంట్లో రోజుకు 150 గ్రాముల పప్పు వండితే నెలకు నాలుగున్నర కిలోలు, ఏడాదికి సుమారు 54 కిలోలు. క్వింటాలు కంది పట్టిస్తే ఊరి గిర్నీలో 65 నుంచి 70 కిలోల దాకా పప్పు వస్తుంది. అంటే 80 కిలోల కంది ఉంచుకుంటే ఏడాది గడుస్తుంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ ధరకు చూసినా ఇంటి పప్పు కిలో సుమారు 118 రూపాయలు పడుతుంది, గిర్నీ కూలి అదనం. మీ ఊరి దుకాణం ధర పక్కన పెట్టి పోల్చుకోండి. మద్దతు ధర కంటే తక్కువకు అమ్ముకుంటున్నవారికి ఇంట్లో ఉంచుకోవడమే లాభం. పొట్టు, నూక ఎలాగూ పశువులకు పనికొస్తాయి.

జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కొర్ర, కంది కలిపి వేసి, ముందు ఇంటి తిండికి ఉంచుకున్నాకే మిగిలింది అమ్మే పద్ధతిని ఏళ్ల తరబడి నిలబెట్టాయి. భూమి తక్కువైనా ఇది సాధ్యమే. జొన్నలో రెండు సాళ్లకు ఒకటి, పత్తిలో నాలుగు లేదా ఆరు సాళ్లకు ఒకటి చొప్పున కంది వేసుకోవచ్చు. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ సంస్థ కందిపై దశాబ్దాలుగా పరిశోధనలు చేస్తోంది. అక్కడి జన్యు బ్యాంకులో 13 వేలకు పైగా కంది రకాలు భద్రంగా ఉన్నాయి. ఎండు తెగులును తట్టుకునే మారుతి, ఆశ రకాలు ఆ సంస్థ నుంచి వచ్చినవే.

పట్టించడం, నిలువ

పాతకాలం పద్ధతిలో కందులు నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, రాత్రంతా కుప్పపోసి, బాగా ఎండాక ఇసుర్రాయి మీద విసురుతారు. పొట్టు బాగా పోతుంది. కాకపోతే ఈ పప్పు ఉడకడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది. నూనె పట్టించి ఎండబెట్టి గిర్నీలో ఆడించిన పప్పు త్వరగా ఉడుకుతుంది.

కందులు గింజగా ఉంచితే పుచ్చు పురుగు త్వరగా పడుతుంది. పప్పు చేసి ఉంచితే ఆ బెడద తక్కువ. పంటి కింద పటుక్కుమనేదాకా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాల్లో పోయండి. గింజగానే ఉంచాల్సి వస్తే కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించాలి.

పప్పుచారు ఇలా కాచుకోండి

ఒక టీకప్పు (150 గ్రాములు) పప్పు కడిగి అరగంట నానబెట్టండి. మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె వేసి మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదపండి. పక్కనే నిమ్మకాయంత చింతపండు నానబెట్టుకోండి.

వేరే గిన్నెలో మునక్కాయ ముక్కలు ముందు వేయండి. సగం ఉడికాక ఆనపకాయ, వంకాయ, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, చివర టమాట వేయాలి. బెండకాయ వేసేటట్లయితే కొంచెం నూనెలో వేయించి వేస్తే జిగురు ఉండదు. ముక్క మెత్తబడ్డాక చింతపండు పులుసు, ఉప్పు, కారం, చెంచా ధనియాల పొడి కలిపి పచ్చివాసన పోయేదాకా మరగనివ్వండి. అప్పుడు మెదిపిన పప్పు పోసి రెండు పొంగులు రానివ్వండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిగడ్డ, కల్యామాకుతో పోపు పెట్టి కొత్తిమీర చల్లితే సరి. జొన్నరొట్టెకు చిక్కగా, అన్నానికి కాస్త జారుగా ఉంచుకోండి.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. పప్పు ఉడకకముందే చింతపండు వేస్తే ఆ పులుపుకు బద్ద గట్టిపడి ఎంతసేపటికీ మెత్తబడదు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువున్నా ఇదే ఇబ్బంది, అందుకని నల్లా నీళ్లు దొరికితే వాటితోనే ఉడికించండి. త్వరగా ఉడకాలని వంటసోడా వేయడం మాత్రం వద్దు, పప్పులోని బి1 విటమిన్ పోతుంది.

ఎవరి గిన్నెలో ఎంత?

నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అన్నంలో, జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దండిగా దొరుకుతుంది. అందుకే రెండూ కలిపి తింటే ఒంటికి బలం. పప్పు గిన్నె అడుగుకు దిగుతుంది కాబట్టి ప్రతిసారీ గరిటెతో కలిపి వడ్డించండి. పసిపిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పైతేట నీళ్లు కాకుండా చిక్కటి పప్పు పడాలి.

ముక్క ఎక్కడిది? నీళ్లు ఎక్కడివి?

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల రైతులు ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. పరిశ్రమల వ్యర్థ జలాలతో నక్కవాగు చెడింది. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. 1990లోనే ఈ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చినా, దాన్నుంచి బయటికొచ్చే నీటిలో మందుల అవశేషాలు భారీ మోతాదులో ఉన్నాయని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు.

వాసన వచ్చినా, రంగు మారినా, నురగ కట్టినా ఆ నీళ్లు కూరగాయలకు పెట్టకండి. ముఖ్యంగా ఆకుకూరలు భార లోహాలను ఎక్కువగా పీల్చుకుంటాయి. కడిగినా, ఉడికించినా ఆ లోహాలు పోవు. మామూలు భూసార పరీక్షలో వీటిని చూడరు. విడిగా పరీక్ష చేయించాలని మండల వ్యవసాయాధికారిని అడగండి. అనుమానం ఉన్నచోట ఇంటి పెరట్లో, మంచి నీళ్లు పారేచోట ఒక మునగ చెట్టు, ఆనప పాదు, నాలుగు వంగ మొక్కలు, ఒక కల్యామాకు చెట్టు పెట్టుకోండి. పప్పుచారుకు కావలసిన ముక్కలన్నీ అందులోనే వస్తాయి.

కందికి కాంటా పెట్టించేనాడు వ్యాపారి కన్నా ముందు ఇంటి ఇల్లాలిని అడగండి. ఆమె చెప్పినన్ని కిలోలు పక్కకు తీసి, మిగిలింది బండికి ఎత్తండి.