మెటల్ స్లగ్ ఓపెన్ కావట్లేదా? గేమ్ పాడవలేదు, బయాస్ లేదు

నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే: "అన్నా, ముస్తఫా గేమ్ ఫోన్‌లో సూపర్‌గా ఆడుతోంది, మెటల్ స్లగ్ నొక్కితే మాత్రం ఎర్రర్ వస్తోంది. ఎందుకు?"

దాంతో పాటు ఉండాల్సిన ఇంకో ఫైల్ మీ దగ్గర లేదు. దాన్నే బయాస్ అంటాం.

1990లో జపాన్ కంపెనీ ఎస్ఎన్‌కే, నియో జియో ఎంవీఎస్ అనే ఆర్కేడ్ మెషీన్ తెచ్చింది. అప్పట్లో చాలా మెషీన్లలో గేమ్ మార్చాలంటే లోపలి బోర్డే మార్చాలి. షాపు ఓనర్‌కి అది పెద్ద ఖర్చు. ఇందులో బోర్డు అలాగే ఉంటుంది, కార్ట్రిడ్జ్ మారిస్తే చాలు. మరి ఆన్ చేయగానే మెషీన్‌ని లేపడం, కాయిన్లు లెక్కపెట్టడం, అది ఏ దేశపు మెషీనో చెప్పడం, ఇవన్నీ ప్రతి కార్ట్రిడ్జ్‌లో ఎందుకు? బోర్డు మీది చిప్పుల్లోనే పెట్టేశారు. మీ దగ్గరున్న మెటల్ స్లగ్ జిప్‌లో ఉన్నది కార్ట్రిడ్జ్ ఒక్కటే. బోర్డు చిప్పులు 'నియోజియో డాట్ జిప్' అనే వేరే ఫైల్‌లో ఉంటాయి. ముస్తఫా, అంటే 1993లో వచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ బోర్డు గేమ్. దానికి ఈ గొడవ లేదు.

నేను చేసిన వెధవ పని చెప్తా. 'నియో జియో బయాస్' అని వెతికితే ఒక సైట్‌లో ఏపీకే కనిపించింది. ఇన్‌స్టాల్ చేసేశా, అదీ మా నాన్న ఫోన్‌లో. సాయంత్రానికి స్క్రీన్ నిండా యాడ్సే. బ్యాంక్ యాప్ ఉన్న ఫోన్ కదా, భయపడి మొత్తం రీసెట్ చేశాం. అక్క పెళ్లి ఫొటోలు సగం పోయాయి. నాన్న ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. బయాస్ అంటే యాప్ కాదు ఫ్రెండ్స్. ఇన్‌స్టాల్ చేయమంటే అది బయాసే కాదు.

లింక్ మాత్రం అడగొద్దు, ఆ ఫైల్ మీద కాపీరైట్ ఉంది. ఈ తలనొప్పంతా వద్దనుకుంటే ప్లే స్టోర్‌లో 'ఏసీఏ నియోజియో' పేరుతో ఇవే గేమ్స్ డబ్బులకి దొరుకుతాయి, బయాస్ అక్కర్లేదు.

ఫైల్ ఉన్నవాళ్లు రెట్రోఆర్చ్‌లో ఫైనల్‌బర్న్ నియో కోర్ వేసుకోండి. నియోజియో జిప్‌ని గేమ్ జిప్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. అన్‌జిప్ చేయొద్దు! పేరు కూడా మార్చొద్దు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: రెండోసారి డౌన్‌లోడ్ అయితే ఫోన్ తనే పేరు చివర బ్రాకెట్‌లో 1 తగిలిస్తుంది. కోర్ ఆ పేరుని గుర్తుపట్టదు. బ్రాకెట్ తీసేయండి. గేమ్ నొక్కాక 'లోడ్ ఆర్కైవ్' ఎంచుకోండి, 'బ్రౌజ్' కాదు.

అప్పటికీ రాకపోతే స్క్రీన్ మీద ఏ ఫైల్స్ లేవో పేర్లు చూపిస్తుంది, చదవండి. ఎక్కువసార్లు మీ జిప్ పాత వెర్షన్‌ది అయ్యుంటుంది. కోర్ లోపలి ఫైళ్లని ఒక్కొక్కటిగా సరిచూస్తుంది, పేరు ఒకటే అయితే సరిపోదు.

బయాస్ సెట్టింగ్‌లో పెట్టిన దేశాన్ని బట్టి మెటల్ స్లగ్‌లో రక్తం తెల్లగా కనిపించొచ్చు. గేమే అంత, ఫైల్ పాడైందని మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి.