కుర్చీని ఊపే మోటారు

కదలని గదిలో కూర్చున్న మనిషికి విమానమో కారో నడుపుతున్నట్టు అనిపించేలా చేసే యంత్రం చలన సిమ్యులేటర్. తెరమీద రోడ్డు మలుపు తిరిగితే కుర్చీ పక్కకు ఒరగాలి, బ్రేకు వేస్తే ముందుకు వాలాలి, గతుకు తగిలితే ఎగిరిపడాలి. ఇవన్నీ చేయాల్సింది మోటారు. మన వైపు మోటారు అనగానే బోరు మోటారే గుర్తొస్తుంది, కొట్లో మొదట అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. సిమ్యులేటర్ విషయంలో ఆ ప్రశ్నకు పెద్దగా విలువ లేదు. నీళ్లు తోడే మోటారు గంటల తరబడి ఒకే దిక్కుకు, ఒకే వేగంతో తిరుగుతుంది. కుర్చీని ఊపే మోటారు సెకనులో రెండు మూడుసార్లు ఆగి, దిక్కు మార్చి, మళ్లీ పరుగందుకోవాలి. ఆగినప్పుడు కూడా మనిషి బరువును మోస్తూనే ఉండాలి.

దీనికి కారణం మన చెవిలోనే ఉంది. లోపలి చెవి వేగాన్ని పసిగట్టదు, వేగంలో వచ్చే మార్పును పసిగడుతుంది. అందుకే కుర్చీ చాలా దూరం కదలనక్కర్లేదు, చటుక్కున కదిలితే చాలు. ఆ తర్వాత దాన్ని సెకనుకు సుమారు 3 డిగ్రీల కంటే నెమ్మదిగా మొదటి స్థానానికి తెచ్చేస్తే కూర్చున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు.

ఈ యంత్రం పుట్టినప్పుడు మోటారు పని చాలా సులువుగా ఉండేది. అమెరికాలోని బింగ్‌హాంటన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌లోని తిత్తుల మీద చిన్న విమానపు గదిని నిలబెట్టి, 1929 నాటికి ఎడ్విన్ తన శిక్షణ యంత్రాన్ని సిద్ధం చేశాడు. మన హార్మోనియం వెనుక ఆడే తిత్తి లాంటివే అవి కూడా. వాటిలోంచి గాలిని లాగితే ముడుచుకుంటాయి, వదిలితే ఉబ్బుతాయి, గది అటో ఇటో ఒరుగుతుంది. మోటారు గాలి లాగే పంపును ఆగకుండా ఒకే దిక్కుకు తిప్పేది, అంతే. మొదట్లో ఈ యంత్రాన్ని సంతల్లో ఆటవస్తువుగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం విమాన టపా బాధ్యత తీసుకున్నాక, సరిగా కనబడని వాతావరణంలో వరసగా పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం ఆరు యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది వాటిమీదే నేర్చుకున్నారు.

తర్వాతి తరం ఆరు కాళ్ల వేదికది. టైర్లను పరీక్షించడానికి డన్‌లప్ సంస్థలో ఎరిక్ గఫ్ 1950ల్లో అలాంటి యంత్రాన్ని రూపొందించాడు. 1965లో స్టూవర్ట్ అనే ఇంజనీరు రాసిన పత్రంతో అది విమాన సిమ్యులేటర్ల చర్చలోకి వచ్చింది. అమెరికాలో క్లాస్ కాపెల్ కూడా విడిగా అదే అమరికకు చేరుకున్నాడు. విమాన సిమ్యులేటర్లలో ఆ కాళ్లను పొడిగించి కుదించేది ఒత్తిడిలో ఉన్న నూనె. ఇక్కడా మోటారు నూనె పంపును ఒకే దిక్కుకు తిప్పడం వరకే. పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి హైదరాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నెలకొల్పిన సంస్థలో నిలిచినవి ఈ వంశపు సిమ్యులేటర్లే. 2000 తర్వాతే పెద్ద సిమ్యులేటర్లు నూనెను వదిలి, మోటారుతో నేరుగా కదలడం మొదలుపెట్టాయి. సిమ్యులేటర్‌ను ఇంట్లో తయారుచేసుకునే వాళ్లకు దారి దొరికింది మాత్రం మోటారు నేరుగా కుర్చీని కదిలించడం మొదలయ్యాకే. ఇంట్లో నూనె పంపు పెట్టుకునేవాళ్లు ఎవరుంటారు?

మోటారు ఎంపిక కొట్లో మొదలుకాదు, కుర్చీ బరువు ఎక్కడ పడుతోందో చూడటంతో మొదలవుతుంది. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు సాగితే వచ్చే ఉస్మాన్‌గంజ్ టోకు బజారులో కాటాలకు కొదవ లేదు. ఈ లెక్కకు అలాంటి కాటాలు రెండు చాలు. వాటిని మీటరు ఎడంగా పెట్టి, పైన పలక వేసి, మనిషితో సహా కుర్చీని దానిమీద ఉంచాలి. ముందు కాటా 60 కిలోలు, వెనక కాటా 40 కిలోలు చూపితే, బరువు కేంద్రం వెనక కాటా నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. కుర్చీ ఊగే కీలు సరిగ్గా ఆ చోటి కింద ఉంటే మోటారుకు బరువు మోసే పని దాదాపు ఉండదు.

కీలు 10 సెంటీమీటర్లు పక్కకు తప్పితే లెక్క మారిపోతుంది. 100 కిలోల బరువు 10 సెంటీమీటర్ల దూరంలో 98 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పే బలంతో, కుర్చీని పడదోస్తుంది. కీలుకు 30 సెంటీమీటర్ల దూరంలో కుర్చీని మోటారుకు కలిపే కడ్డీ బిగిస్తే దానిమీద సుమారు 327 న్యూటన్ల బలం పడుతుంది. మోటారు ఇరుసు మీది చేయి పొడవు 5 సెంటీమీటర్లయితే కావలసిన టార్క్ 16 న్యూటన్ మీటర్లు. ఇది నిలబెట్టి ఉంచడానికే. చటుక్కున కదిలించాలంటే మరో సగం కలపాలి. మొత్తం 24, రెండు మోటార్లు పంచుకుంటే తలా 12. కుర్చీ సెకనుకు 40 డిగ్రీల వేగంతో ఒరగాలంటే ఆ చేయి నిమిషానికి 40 చుట్ల వేగంతో తిరగాలి. అప్పుడు ఒక్కో మోటారు ఇవ్వాల్సింది 50 వాట్లు, అంటే హెచ్‌పీలో సుమారు పదిహేనో వంతే. పెద్ద మోటారుకు డబ్బు పెట్టేముందు కుర్చీని నాలుగు అంగుళాలు జరపడం మేలు.

ఈ లెక్కకు అందరికీ ముందు తట్టేది కారు వైపర్ మోటారు. 12 వోల్టులు, లోపల వర్మ్ గేరు, నిమిషానికి నలభై నుంచి డెబ్భై చుట్లు, పాత కార్ల విడిభాగాల కొట్లలో చవగ్గా దొరుకుతుంది. కానీ పై లెక్క దాని సత్తువకు అంచుమీద ఉంది. అద్దం మీద తడి తుడవడానికి చేసిన మోటారు మనిషిని ఊపుతూ అరగంట పనిచేస్తే కాలిపోయేంత వేడెక్కుతుంది. దిక్కు మారిన ప్రతిసారీ గేరు పళ్ల మధ్య ఉన్న ఖాళీ వల్ల టక్కుమని చప్పుడు వస్తుంది. కింద కొట్లు, పైన ఇళ్లు ఉండే పాతబజారు మేడల్లో ఆ చప్పుడు స్లాబు గుండా పొరుగింటికీ చేరుతుంది. చక్రాల కుర్చీకి వాడే 24 వోల్టుల, 200 వాట్ల పైబడిన గేరు మోటారు ఇంతకంటే నమ్మదగ్గది. మనిషి బరువును లాగడానికే దాన్ని చేశారు కదా. వర్మ్ గేరుకు ఒక గుణం ఉంది. నిష్పత్తి ఎక్కువైతే ఇరుసు వైపు నుంచి ఎంత నెట్టినా వెనక్కి తిరగదు. కరెంటు పోయినా కుర్చీ ఉన్నచోటే ఉంటుంది. దానికి మూల్యం రాపిడి. మోటారు శక్తిలో సగం దాకా వేడిగా పోవచ్చు.

స్టెప్పర్ మోటారు నెమ్మదిగా తిరిగేటప్పుడు బలంగా ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ టార్క్ కోల్పోతుంది. బరువు మించితే అడుగులు తప్పుతుంది, తప్పినట్టు కంట్రోలర్‌కు తెలియదు. కుర్చీకి అది సరిపడదు. బోరు మోటారులాంటి మామూలు ఇండక్షన్ మోటారును మొదట్లోనే పక్కన పెట్టేయాలి.

ఖర్చు పెట్టగలిగినవాళ్లకు మేలైనది ఏసీ సర్వో. 750 వాట్ల రకం 2.4 న్యూటన్ మీటర్ల టార్క్‌ను నిమిషానికి 3000 చుట్ల వరకు ఇస్తుంది, కొద్ది క్షణాలపాటు దానికి మూడు రెట్లు ఇవ్వగలదు. ఇరుసుకు ఒక చుట్టులో 5 మిల్లీమీటర్లు కదిలే బాల్ స్క్రూ తగిలిస్తే, సుమారు 270 కిలోల బరువును సెకనుకు 25 సెంటీమీటర్ల వేగంతో లేపుతుంది. 10 మిల్లీమీటర్ల స్క్రూ అయితే వేగం రెట్టింపు, బలం సగం. నాలుగు మూలలా నాలుగు పెడితే చట్రం మొత్తం లేస్తుంది. కానీ బాల్ స్క్రూలో రాపిడి చాలా తక్కువ. కరెంటు పోతే బరువు దాన్ని వెనక్కి తిప్పి కిందికి జారుతుంది. అందుకని బ్రేకు ఉన్న మోటారు కొనాలి, లేదంటే చట్రం కిందికి జారినా ఎవరికీ దెబ్బ తగలకుండా రబ్బరు ఆపులు పెట్టాలి.

మోటారు ఒక్కటే కొంటే పని కాదు. ఇరుసు ఎక్కడుందో చెప్పేందుకు డీసీ మోటారుకు పొటెన్షియోమీటరో హాల్ సెన్సరో కావాలి. సర్వోలో ఎన్‌కోడర్ లోపలే ఉంటుంది. మరో ఇబ్బంది బ్రేకు పడే క్షణంలో వస్తుంది. ఊగే కుర్చీని ఆపుతున్నప్పుడు మోటారు జనరేటర్‌లా మారి కరెంటును వెనక్కి తోస్తుంది. మామూలు ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై ఆ దెబ్బకు ఆగిపోతుంది. డీసీ మోటార్లకు పక్కన బ్యాటరీ ఉంటే అది ఆ కరెంటును మింగేస్తుంది. సర్వో డ్రైవ్‌కు బ్రేకింగ్ రెసిస్టర్ తగిలించాలి. ఈ చిన్న సరుకు కోఠిలోని గుజరాతీ గల్లీలో, వైర్లూ ఎంసీబీలూ ట్రూప్ బజార్‌లో, బేరింగులు రాణిగంజ్‌లో దొరుకుతాయి.

మోటారు బిళ్ల మీద రాసిన వాట్లు సాధారణంగా చుట్టూ గాలి 40 డిగ్రీలకు మించనప్పటివి. మే నెలలో హైదరాబాద్‌లో పై అంతస్తు గది ఆ హద్దు దాటుతుంది. అందుకని లెక్కలో వచ్చినదానికి కనీసం మూడో వంతు ఎక్కువ పెట్టుకుని కొనాలి. నాలుగు సర్వోల పేరు మీదే 3 కిలోవాట్లు కాబట్టి ఇంటి కనెక్షన్ ఎంతకు ఇచ్చారో ముందే చూసుకోవాలి. ఎర్తింగ్ సరిగా ఉండాలి. కూర్చున్నవాళ్ల చేతికి అందేచోట, కంప్యూటర్‌తో సంబంధం లేకుండా మోటార్ల కరెంటును నేరుగా తెంచే ఎర్ర బటన్ పెట్టాలి.