ఆవుకు 40, గొర్రెకు 15

పశువుల దాణాలో కలిపే రాగి పొడి మేలు చేసేది మిల్లిగ్రాముల్లో. మనం కొనేది కిలోల్లో, చాలాచోట్ల కొలిచేది గుప్పిళ్లతో.

వానలు పడేలోగా పశుపోషకులకు పనికొచ్చేలా మినరల్ మిక్చర్ మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. శుక్రవారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి. కాల్షియం, భాస్వరం, జింకు, అయోడిన్, రాగి... తలా ఒక పేరా ఇచ్చి ముగించవచ్చు. కానీ ఫీడ్ గ్రేడ్ కాపర్ సల్ఫేట్ తాలూకు సేఫ్టీ డేటా షీట్ చదివాక మిగతావన్నీ పక్కకు జరిగాయి. మన ఊళ్లలో మైలుతుత్తం అనేది దీన్నే.

ఈ షీట్లకు ప్రపంచమంతటా ఒకటే చట్రం, 16 విభాగాలు. రెండో విభాగం ప్రమాదాలు చెబుతుంది: మింగితే హాని, కంటికి తీవ్రమైన దెబ్బ, నీటిలోని ప్రాణులకు చాలాకాలం వదలని విషం. పక్కనే ఎండిన చెట్టు, వెల్లకిలా పడ్డ చేప బొమ్మ. ఏడో విభాగం వాడకం, నిల్వ గురించి. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది అదే. నాలుగైదు వాక్యాలే. మూత బిగించి, చెమ్మ లేని, గాలి ఆడే చోట ఉంచాలి. దుమ్ము లేపకూడదు. మనుషుల తిండికీ పశువుల దాణాకూ దూరంగా పెట్టాలి.

దాణాలో కలపడానికే తయారైన పొడిని దాణాకు దూరంగా పెట్టమనడంలో తప్పేమీ లేదు. ఈ సరుకు గురించి తెలుసుకోవలసిందంతా ఆ వాక్యంలోనే ఉంది. సంచిలో ఉన్నంతసేపూ ఇది రసాయనం. తూచి, పలచబరిచి, సమంగా కలిపాకే మేత అవుతుంది.

లెక్క వేసి చూద్దాం. నీలం స్ఫటికాల్లో నీరు కూడా ఉంటుంది కాబట్టి బరువులో రాగి పావు వంతే, సుమారు 25 శాతం. పాడి పశువుల దాణాలో కిలోకు 10 మిల్లిగ్రాముల రాగి చేర్చాలంటే టన్నుకు 10 గ్రాములు కావాలి. అంటే 40 గ్రాముల మైలుతుత్తం. వెయ్యి కిలోల కుప్పకు 40 గ్రాములు! దాన్ని పైన చల్లి పారతో నాలుగుసార్లు తిరగేస్తే సమంగా కలవదు. ముందు కిలో సున్నపురాయి పొడిలో కలపాలి. ఆ కిలోను పది కిలోల దాణాలో, ఆ పదిని వందలో, చివరికి మొత్తంలో. సంచి మీద మోనోహైడ్రేట్ అని ఉంటే నీరు తక్కువ, రాగి 35 శాతం దాకా ఉంటుంది. అదే 40 గ్రాములు వేస్తే 10 బదులు 14 గ్రాముల రాగి పడుతుంది. చీటీ చదవకుండా తూకం ఎంత కచ్చితంగా వేసినా ప్రయోజనం లేదు.

పొడిగా ఉంచమన్నది సరుకు చెడిపోకుండా ఉండడానికి మాత్రమే కాదు. చెమ్మ తగిలిన మెత్తటి పొడి గడ్డ కడుతుంది. జల్లెడ పట్టకుండా వేస్తే ఆ గడ్డ అలాగే తొట్టిలోకి వెళుతుంది. టన్నుకు ఎంత పడిందన్న లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంటుంది, గడ్డ మాత్రం ఒక్క జీవం నోట్లోనే పడుతుంది. అందుకే సంచిని నేల మీద కాకుండా చెక్క బల్ల మీద, గోడకు ఎడంగా పెట్టాలి. సగం వాడాక మూతి గట్టిగా కట్టి, వాడేముందు మళ్లీ జల్లించాలి.

ఇనుప డబ్బా, జింకు పూత బకెట్ దీనికి పనికిరావు. ఎందుకో తోటల రైతుకు చెప్పనక్కర్లేదు. కిలో తుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లతో ఒక శాతం బోర్డో మిశ్రమం చేసేవాళ్లు దాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలుపుతారు. చివర్లో కొడవలి మొన ముంచి చూస్తారు. మొన ఎర్రబారితే సున్నం చాలలేదన్నమాట. తుత్తంలోని రాగి ఇనుము మీద పేరుకుంటుంది, ఇనుము కరిగి నీళ్లలో చేరుతుంది. తడి తగిలిన డబ్బా అడుగున జరిగేదీ అదే. డబ్బాను తినేస్తుంది, లోపలి సరుకు చీటీ మీద రాసిన సరుకు కాకుండా పోతుంది.

తవుడు బస్తా పక్కన పెట్టడం, విటమిన్ పొడితో కలిపి నెలల తరబడి నిల్వ చేయడం కూడా మంచిది కాదు. రాగి తగిలితే కొవ్వు త్వరగా ముక్కిపోతుంది, విటమిన్ ఇ లాంటివి దెబ్బతింటాయి.

మందలోకి వెళితే

ఇక్కడే తెలుగువాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, సుమారు కోటీ 90 లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్, కోటీ 76 లక్షలు. రాగిని తట్టుకోవడంలో గొర్రె అన్ని పశువుల కన్నా బలహీనం. ఎండు మేత కిలోకు 40 మిల్లిగ్రాముల దాకా ఆవు తట్టుకుంటుంది. గొర్రెకు హద్దు 15. దానికి అవసరమైనదే 7 నుంచి 11 మిల్లిగ్రాములు. అంటే అవసరానికీ ప్రమాదానికీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. ఆవుల మిక్చర్ మిగిలింది కదా అని గొర్రెల తొట్టిలో వేస్తే ఆ సందు మూసుకుపోతుంది.

ఈ విషం వెంటనే బయటపడదు. ఎక్కువైన రాగిని గొర్రె కాలేయం దాచిపెడుతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. జీవం మేస్తుంది, నెమరేస్తుంది, లోపమేమీ కనబడదు. ఒకరోజు లారీలో సంతకు తోలుతారు, లేదా మేత చాలదు, లేదా వాతావరణం మారుతుంది. ఆ ఒత్తిడికి కాలేయం దాచిందంతా ఒక్కసారిగా రక్తంలోకి వదిలేస్తుంది. ఎర్రకణాలు పగిలిపోతాయి. కళ్లు పచ్చబడతాయి, మూత్రం నల్లటి ఎరుపులో వస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కోసి చూస్తే మూత్రపిండాలు నల్లటి నీలంలో ఉంటాయి. కాపరి మాత్రం నిన్నటి ప్రయాణాన్నో, నిన్న మేసిన మేతనో తిట్టుకుంటాడు. తప్పు రెండు నెలల కిందటి తొట్టిలో ఉందని ఆయనకు ఎవరు చెబుతారు?

మేతలో మాలిబ్డినం, గంధకం ఉంటే అవి రాగిని పట్టి ఉంచుతాయి. ముందుగా గుర్తిస్తే పశువైద్యులు మిగిలిన మందకు వాటితోనే చికిత్స చేస్తారు. అందుకే ఒక్క జీవం ఇలా చనిపోయినా ఊరుకోకుండా పశువైద్య సహాయవాణి 1962కు ఫోన్ చేయాలి. తొట్టిలో ఏ మిక్చర్ వేస్తున్నారో ఆ సంచిని డాక్టరుకు చూపించాలి.

వానాకాలంలో గిట్టలు చీము పట్టి మంద కుంటుతుంటే తుత్తం నీళ్లలో నడిపిస్తారు. మంచి వైద్యమే. కానీ దాహం మీదున్న గొర్రె ఆ నీళ్లే తాగేస్తుంది. ముందు మంచినీళ్లు కడుపునిండా తాగించి, తర్వాతే తొట్టిలోకి దింపాలి. పని కాగానే ఆ తొట్టిని జీవాలకు అందకుండా మూసేయాలి.

చరిత్ర రెండు ముక్కల్లో: ద్రాక్షతోటల తెగులుకు తుత్తాన్నీ సున్నాన్నీ కలిపి ఫ్రాన్సులో మిలార్డే అనే శాస్త్రవేత్త లోకానికి చూపింది 1880లలో. ఒంటికి రాగి కూడా అవసరమని 1928లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రక్తహీనత ఉన్న ఎలుకల మీద తేలింది. 1937లో పశ్చిమ ఆస్ట్రేలియాలో బెన్నెట్స్, చాప్‌మన్ అనే పరిశోధకులు గొర్రెపిల్లలు నడుము పడి ఊగిపోవడానికి రాగి లోపమే కారణమన్నారు. లోపమూ నిజమే, విషమూ నిజమే. మన దగ్గర పశువుల ఖనిజ మిశ్రమానికి ఐఎస్ 1664 అనే భారతీయ ప్రమాణం ఉంది.

నాకు ఆ నీలం రంగంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. అయినా విడిగా తూచి, పేరు రాయని పాలిథిన్ కవర్లో కట్టిచ్చే అమ్మకం ఆగాల్సిందేనన్నది నా గట్టి అభిప్రాయం. ఆ షీట్ కంపెనీ నుంచి కొట్టు దాకా వస్తుంది. అక్కడ కవరు మారగానే ఏ శాతమో, ఏ పశువుకో, పిల్లలకు అందకూడదన్న సంగతో అన్నీ చెరిగిపోతాయి. విడిగా అమ్మక తప్పదంటే కవరు మీద మూడు సంగతులు తెలుగులో రాయాలి: రాగి ఎంత శాతం, ఏ పశువుకు, గొర్రెలకు వేయవచ్చా లేదా. అందుకు కొట్టువాడికి పట్టే సమయం అర నిమిషం.

కంట్లో పడితే, కడుపులోకి వెళితే

కలిపేటప్పుడు కళ్లద్దాలు, గ్లౌజులు, దుమ్ము మాస్కు తప్పనిసరి. ద్రాక్షతోటల్లో ఏళ్ల తరబడి బోర్డో మిశ్రమం కొట్టినవారి ఊపిరితిత్తులు దెబ్బతిన్నట్టు పోర్చుగల్ వైద్యులు 1969లోనే నమోదు చేశారు. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎవరైనా మింగితే బలవంతంగా వాంతి చేయించకూడదు. నోరు కడిగి 108కు ఫోన్ చేసి, సంచి చీటీని ఆసుపత్రికి పట్టుకెళ్లాలి. నీలం పచ్చ రంగులో వాంతులై ఆగిపోయినా గండం గడిచిందనుకోవద్దు. రక్తం, కాలేయం, మూత్రపిండాలు ఆ తర్వాత దెబ్బతినవచ్చు. తుత్తం నీళ్లను కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోసి పెట్టకండి. పిల్లల కళ్లు ముందు ఆ రంగు మీదే పడతాయి.

చెరువు గట్టున

చెరువుల్లో నాచు పోవడానికి చల్లేదీ ఇదే పొడి. నీటి క్షారత లీటరుకు 50 మిల్లిగ్రాముల కన్నా తక్కువగా ఉంటే చల్లకూడదు, చేపలు చచ్చిపోతాయి. దాణా గదిలో పొడి ఒలికితే నీళ్లతో కడిగి కాలువలోకి వదలొద్దు. దుమ్ము రేగకుండా మెల్లగా ఎత్తి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. ఖాళీ సంచిని చెరువులో జాడించి గింజలు పోసుకోవడం మరీ ప్రమాదం. దాని లోపలి పొర మడతల్లో పొడి ఇంకా అంటుకునే ఉంటుంది.