మగవారి కటితలం: కనిపించని కండరాల ఉట్టి

కటి ఎముకల గూడు అడుగు లేని గిన్నె లాంటిది. ముందు పొత్తికడుపు కింద చేతికి తగిలే జఘనాస్థి, వెనుక తోక ఎముక, రెండు పక్కలా కూర్చున్నప్పుడు కింద ఆనే పిరుదు ఎముకలు ఉంటాయి. వీటి మధ్య ఖాళీని ఒక కండరాల అల్లిక మూసి ఉంచుతుంది. వైద్యులు దీనిని పెల్విక్ ఫ్లోర్ అంటారు. తెలుగులో కటితలం అనవచ్చు. ఉట్టి కుండలను మోసినట్టు ఈ అల్లిక మూత్రాశయాన్నీ, పెద్దపేగు చివరి భాగాన్నీ, మగవారిలో ప్రోస్టేట్ గ్రంథినీ కింద నుంచి మోస్తుంది. మూత్రం, మలం ఆపుకోవడం దీని పని. అంగస్తంభన నిలవడంలోనూ, వీర్యం బయటికి రావడంలోనూ దీనికి ముఖ్యమైన పాత్ర ఉంది.

ఈ కండరాల మాట ఎత్తగానే చాలామందికి బాలింతలే గుర్తొస్తారు. అందుకు కారణం లేకపోలేదు. ప్రసవం తర్వాత మూత్రం జారిపోయే స్త్రీల కోసం అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ కండరాల వ్యాయామం గురించి వ్యాసం ప్రచురించాడు. ఆ వ్యాయామానికి ఆయన పేరే స్థిరపడింది. మగవారికీ అవే కండరాలు ఉన్నాయనీ, అవీ వదులవుతాయనీ, వాటినీ బాగుచేసుకోవచ్చనీ మామూలు జనానికి తెలియడం బాగా ఆలస్యమైంది.

రెండు పొరలు

కటితలంలో పై పొర లోతుగా ఉండే పెద్ద కండరం. దీని పేరు లెవేటర్ యానై. ఇందులో ఒక పాయ పెద్దపేగు చివరను వెనుక నుంచి వడిసెల తాడులా చుట్టి ముందుకు లాగి ఉంచుతుంది. ఆ మెలిక ఉన్నంతసేపూ మలం తనంతట జారదు. మలవిసర్జనకు కూర్చుని కండరాన్ని వదిలినప్పుడు మెలిక సడలి దారి సాఫీ అవుతుంది.

కింది పొర చర్మానికి దగ్గరగా, వృషణాల సంచికీ మలద్వారానికీ మధ్య ఉంటుంది. అక్కడ వేలు ఆనించి చిన్నగా దగ్గితే లోపల కదలిక తెలుస్తుంది. లైంగిక జీవితానికి ముఖ్యమైన రెండు కండరాలు ఈ పొరలోనే ఉన్నాయి. పురుషాంగం బయటికి కనిపించేంత మాత్రమే కాదు. దాని మూలం శరీరం లోపలికి సాగి, రెండు కాళ్లుగా చీలి, కటి ఎముకలకు అతుక్కుని ఉంటుంది. ఆ రెండు కాళ్లనూ కప్పి ఉండేది ఇస్కియోకావర్నోసస్ కండరం. నడుమ మూత్రనాళం మొదలును చుట్టి ఉండేది బల్బోస్పాంజియోసస్ కండరం. వెన్ను అడుగు భాగం నుంచి వచ్చే పుడెండల్ నరం ఈ రెండింటికీ ఆదేశాలు చేరుస్తుంది. పిడికిలి బిగించినట్టే ఈ కండరాలను ఇష్టప్రకారం బిగించవచ్చు, వదలవచ్చు.

అంగస్తంభనలో, స్ఖలనంలో

అంగస్తంభన రక్తంతో మొదలవుతుంది. లైంగిక ప్రేరణ కలిగినప్పుడు నరాల చివర నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై, అంగంలోని రక్తనాళాలను సడలిస్తుంది. స్పాంజి లాంటి గదుల్లోకి రక్తం వేగంగా చేరి అవి ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకు రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరలు నొక్కుకుపోయి, వచ్చిన రక్తం అక్కడే నిలుస్తుంది. ఇంతవరకు పని నరాలదీ రక్తనాళాలదీ. ఆపైన పూర్తి గట్టిదనం రావడానికి ఇస్కియోకావర్నోసస్ తోడు కావాలి. అది బిగిసినప్పుడు అంగం మూలంలోని రక్తాన్ని ముందుకు నొక్కుతుంది. అప్పుడు లోపలి ఒత్తిడి మామూలు రక్తపోటును మించి, కొద్దిసేపు కొన్ని వందల పాదరస మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. గుండె ఒక్కటే అంత ఒత్తిడి ఇవ్వలేదు. అందుకే ఈ కండరం నీరసించిన మగవారిలో స్తంభన వచ్చినా గట్టిదనం తగ్గడం, మధ్యలో సడలడం కనిపించవచ్చు.

స్ఖలనం పని ప్రధానంగా బల్బోస్పాంజియోసస్‌ది. వీర్యం మూత్రనాళం మొదట్లోకి చేరగానే ఈ కండరం సుమారు 0.8 సెకనుకు ఒకసారి చొప్పున లయగా బిగుస్తూ దాన్ని బయటికి నెడుతుంది. భావప్రాప్తిలో తెలిసే అదురు ఈ సంకోచాలదే. కండరం బలహీనపడితే వీర్యం చిమ్మకుండా కారినట్టు వస్తుంది, ఆ అనుభూతి కూడా పలచబడుతుంది.

వదులైతే, బిగుసుకుంటే

కటితలం వదులు కావడానికి కారణాలు చాలావరకు రోజువారీ జీవితంలోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి మలబద్ధకంతో ముక్కడం, తగ్గని దగ్గు, ఊబకాయం, ఊపిరి బిగబట్టి బరువులెత్తడం, వయసు ఇందులోకి వస్తాయి. షుగర్ వ్యాధి నరాలనూ రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు గ్రంథిని పూర్తిగా తీసివేసే ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగకపోవడం తరచుగా కనిపిస్తుంది.

మొదట బయటపడే లక్షణం చాలా చిన్నది. మూత్రవిసర్జన ముగించి ప్యాంటు సర్దుకున్నాక ఇంకో నాలుగు చుక్కలు జారి బట్ట తడుస్తుంది. మూత్రనాళం వంపులో మిగిలిన మూత్రాన్ని బల్బోస్పాంజియోసస్ పూర్తిగా ఊడ్చలేకపోవడమే దీనికి కారణం. మూత్రం ఆగాక ఒక్కసారి కండరాన్ని గట్టిగా బిగించినా, వృషణాల వెనుక వేళ్లతో నొక్కి ముందుకు నెమ్మదిగా తోసినా ఆ చుక్కలు బయటికి వచ్చేస్తాయి.

దీనికి పూర్తిగా ఎదురైన సమస్య కూడా ఉంది. కొందరిలో ఈ కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. దీర్ఘకాలపు ఒత్తిడి, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకునే అలవాటు, పాత నొప్పి దీనికి తోడవుతాయి. వృషణాల వెనుక సలుపు, కూర్చుంటే నొప్పి, మూత్రం మొదలు కావడానికి సమయం పట్టడం, స్ఖలనం తర్వాత మంట లేదా నొప్పి దీని గుర్తులు. ఇలాంటివారు వీడియోలు చూసి బిగించే వ్యాయామం మొదలుపెడితే బాధ పెరుగుతుంది. వారికి కావలసింది సడలింపు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట ఎత్తుగా లేచేలా నిదానంగా గాలి పీల్చాలి. శ్వాస లోపలికి వెళ్లినప్పుడు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం కండరం కిందికి దిగుతుంది, దానితోపాటే కటితలమూ దిగి వదులవుతుంది.

వ్యాయామం చేసే తీరు

ముందు సరైన కండరాన్ని గుర్తుపట్టాలి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి పోకుండా ఆపుకోవడానికీ, మూత్రధారను మధ్యలో నిలపడానికీ లోపల ఏది బిగుస్తుందో అదే ఆ కండరం. అద్దం ముందు బట్టలు లేకుండా నిలబడి బిగిస్తే అంగం మొదలు కొద్దిగా లోపలికి లాక్కుంటుంది, వృషణాలు కొంచెం పైకి లేస్తాయి. ఈ రెండూ కనిపిస్తే బిగింపు సరిగ్గా ఉన్నట్టే. పిరుదులు, తొడలు, పొట్ట కదలకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. గుర్తుపట్టడానికి ఒకసారి మూత్రధారను ఆపి చూడవచ్చు గానీ, దాన్నే రోజూ వ్యాయామంగా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోవచ్చు.

మొదట్లో 3 నుంచి 5 సెకన్లు బిగించి, అంతసేపూ పూర్తిగా వదలాలి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు చేయాలి. కొన్ని వారాల్లో బిగింపును 10 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. చివర్లో వెంటవెంటనే బిగించి వదిలే చిన్న బిగింపులు కొన్ని చేర్చాలి. నెమ్మదిగా పట్టి ఉంచే కండర తంతువులకూ, చటుక్కున స్పందించే తంతువులకూ వేర్వేరు సాధన కావాలి. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, ఆ తర్వాత నిలబడి చేయడం మంచిది. దగ్గు, తుమ్ము వచ్చే ముందు, బరువు ఎత్తే ముందు ఒక్కసారి బిగించడం అలవాటు చేసుకోవాలి. వదలడం కూడా బిగించినంత ముఖ్యం. ఫలితం కనిపించడానికి సాధారణంగా 6 వారాల నుంచి 3 నెలలు పడుతుంది.

యోగం ఎరిగినవారికి ఈ బిగింపు కొత్తేమీ కాదు. హఠయోగంలోని మూలబంధం, అశ్వినీ ముద్ర ఇదే ప్రాంతాన్ని బిగించి వదిలే అభ్యాసాలు. వాటి ఉద్దేశం వేరైనా పనిచేసే కండరాలు ఇవే.

పరిశోధనలు చెప్పేది

బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టు గ్రేస్ డోరీ బృందం అంగస్తంభన సమస్య ఉన్న 55 మందితో ఈ వ్యాయామాలు చేయించి, 2005లో ఫలితాలు ప్రచురించింది. 6 నెలల తర్వాత 40 శాతం మందికి మామూలు స్థితి వచ్చింది. 35.5 శాతం మందికి కొంత మెరుగైంది. 24.5 శాతం మందికి మార్పు లేదు. ఇటలీలో శీఘ్రస్ఖలనం ఉన్న 40 మందికి 12 వారాల పాటు వ్యాయామం, విద్యుత్ ప్రేరణ, కండరం బిగింపును పరికరంతో చూపించే బయోఫీడ్‌బ్యాక్ కలిపి ఇచ్చారు. 2014లో వెలువడిన ఆ ఫలితాల్లో 33 మందికి అదుపు వచ్చింది. ఇవి కొద్దిమందితో చేసిన అధ్యయనాలు. వ్యాయామం అందరికీ పనిచేస్తుందని ఇవి చెప్పవు. ఖర్చూ ప్రమాదమూ తక్కువైన మార్గంగా ముందు ప్రయత్నించదగ్గదని మాత్రం చూపుతాయి.

ఎప్పుడు డాక్టరును కలవాలి

తెలుగునాట లైంగిక ఇబ్బంది ఏదైనా 'నరాల బలహీనత' అనే ఒక్క మాట కింద చేరిపోతుంది. ఆ మాటతోనే గోడల మీద ప్రకటనలు వెలుస్తాయి, లాడ్జి గదుల్లో పొడులు అమ్ముడవుతాయి. నిజానికి కారణం కండరం కావచ్చు, రక్తనాళం కావచ్చు, షుగర్, హార్మోను, మనసు, వాడుతున్న మందు, ఏదైనా కావచ్చు. అంగంలోని ధమనులు గుండె ధమనుల కన్నా సన్నవి. అందుకే రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్నప్పుడు ఆ లోటు ముందు ఇక్కడే తెలియవచ్చు, గుండెపోటు కొన్నేళ్ల తర్వాత రావచ్చు. స్తంభన తగ్గిన వ్యక్తి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి. మూత్రంలో రక్తం, తగ్గని నొప్పి, కాళ్ల మధ్య తిమ్మిరి, ఉన్నట్టుండి మూత్రం గానీ మలం గానీ అదుపు తప్పడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

1994లో వెలువడిన మసాచుసెట్స్ అధ్యయనంలో 40 నుంచి 70 ఏళ్ల మగవారిలో 52 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో స్తంభన సమస్య ఉన్నట్టు తేలింది. ఇంతమందికి ఉన్నదాన్ని సిగ్గుపడి దాచుకోవాల్సిన పని లేదు. కటితలం వదులైతే బలపరచవచ్చు, బిగుసుకుంటే సడలించవచ్చు. తనకు ఈ రెండింటిలో ఏది అవసరమో యూరాలజిస్టునో, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టునో అడిగి తేల్చుకున్నాకే మగవాడు వ్యాయామం మొదలుపెట్టాలి.