సుగ్గికాలపు చెలిమి

కన్నడమున సుగ్గి యనగా కోతల కాలము, పంట యింటికి వచ్చు పండుగవేళ. ఆ మాటయే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లెలలో ఇంటికి తాళము వైచి పొట్టకూటికై పరస్థలమునకు పోవుట యను నర్థమును దాల్చినది. తమ చేలలో కోయుటకేమియు మిగులనివారు ఇతరుల కోతలకై పోవుదురు. మాట నిలిచినది, పండుగ మాత్రము పోయినది. ఇచ్చటి పిల్లల స్నేహము ఈ సుగ్గి మూలమున ఏటేటా నడుమ తెగి, మరల నతుకుకొనుచుండును.

జూన్ నెలలో బడి తెఱచినది మొదలు ఆశ్వయుజము వఱకు ఆ చెలిమికి నిండుకాలము. తొలకరికి తడిసిన నల్లరేగడి పాదములకు పలకలు పలకలుగా నంటుకొనగా, ఒకని యింట తెలుగును మఱియొకని యింట కన్నడమును పలుకు బాలురు చిల్లాకట్టె యాటలో రెండు భాషల నొక్కటిగా కలిపి తగవులాడుదురు; పచ్చి వేరుసెనగ బుడ్డలను చేనిగట్టుననే కాల్చుకొని, నల్లబడిన మూతులతో నిండ్లకు మరలుదురు. శ్రావణమున ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు పోవునాటికి అందఱును ఊరనే యుందురు. పీర్ల పండుగ యట్లు కాదు. మొహర్రము ఏటేటా పది పదునొకండు దినములు ముందునకు జరుగును గనుక, కొన్నేండ్లు మిత్రులందఱు గుండము చుట్టు చేరియుండగను, కొన్నేండ్లు సగముమంది దూరదేశమున నుండగను వచ్చును. హిందువుల పిల్లలు, మహమ్మదీయుల పిల్లలు నను భేదము ఆ గుండము కడ నాకెన్నడును కానరాలేదు; వచ్చినవారు, రానివారు నను భేదమే కానవచ్చినది.

దీపావళి దాటినంతట బియ్యపుమూటలను, వంటపాత్రలను వాహనముల కెక్కించి, కుటుంబములు గుంటూరు సీమ పత్తిచేలకు, మిరపచేలకు తరలును. అచ్చట పెద్దపిల్లలు చంటివారి నెత్తుకొని తిరుగుదురు, కొందఱు కాయలును కోయుదురు; మిరపఘాటునకు వ్రేళ్లు మండుచుండును. పుష్యపూర్ణిమకు ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని రథము కదలునప్పుడు, ఊర మిగిలిన బాలుడు జాతరలో ఒంటరిగా తిరుగును. ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు పిల్లలకు ఉచిత నిర్బంధవిద్య నొసగు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినది. వలసపోవువారి పిల్లలు ఊరనే యుండి చదువుకొనుటకు సీజనల్ హాస్టళ్లును తెఱచుచున్నారు. అవి మేలే, కాని తల్లిదండ్రులను విడిచి చెలికానితో నుండుటయా, చెలికానిని విడిచి తల్లిదండ్రులతో పోవుటయా యను ప్రశ్న పదేండ్లవాని కెదురుకావలసినది కాదు.

మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరున నెలకొల్పిన చేనేత సహకార సంఘము మగ్గమును నమ్మినవారికి ఊరనే పని చూపినది. ఇంట మగ్గమాడినచో బడిలో బల్ల ఖాళీపడదు. చేనిని నమ్మినవారికి నీరు కావలెను. తుంగభద్ర ఆనకట్ట కట్టిన పిమ్మటను దిగువకాలువ చివరి భూములు ఎదురుచూచుచునే యున్నవి.

ఉగాదినాటికి తాళములు తెఱవబడును. పోవునాడు చెలికాని కొప్పగించిన గోలీలసంచి తిరిగి చేతికి వచ్చును. వచ్చినవాడు గోలీలను లెక్కింపడు. ఇంకను ఎవరెవరు రావలసియున్నారని యడుగును.